పరీక్ష గదిలో సాక్షి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను బడి జ్ఞాపకాల మీద మాట్లాడమన్నారు. నాకంటే బాగా జ్ఞాపకాలు చెప్పగలిగిన వాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక పని గురించి మాట్లాడతాను. అది ఏడాదికి పది పదిహేను రోజులే ఉండే పని. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇన్విజిలేటర్ పని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇన్విజిలేటరుగానో, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరుగానో, చివర్లో చీఫ్ సూపరింటెండెంటుగానో ప్రతి మార్చిలోనూ ఏదో ఒక సెంటరులో గడిపినాను. చదువు చెప్పడం గురించి మన సంచికల్లో ఎప్పుడూ వ్యాసాలు వస్తాయి. ఈ పని గురించి ఎవరూ రాయరు.

ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. మీకు లెక్కలు చెప్పిన సారు ఎవరు? వెంటనే చెబుతారు. ఆయన నడక, ఆయన చేతిలోని బెత్తం కూడా చెబుతారు. మీ పదో తరగతి లెక్కల పరీక్ష రోజు మీ గదిలో ఉన్న సారు ఎవరు? ఒక్కరు కూడా చెప్పలేరు. చెప్పలేకపోవడమే సరైంది. ఎందుకంటే ఆయన మీకు తెలియని మనిషై ఉండాలన్నదే నియమం. సొంత బడి పిల్లలకు సొంత బడి సారును వేయరు. ఆ రోజు ఏ సబ్జెక్టు పరీక్షో ఆ సబ్జెక్టు చెప్పే సారును గదిలోకి పంపరు. లెక్కల పరీక్ష నాడు లోపల తెలుగు సారో, సోషల్ సారో ఉంటాడు. ఏడాదంతా మీకోసం గొంతు చించుకున్న మనిషి బయట ఉంటాడు, మీ పేరు కూడా తెలియని మనిషి మీ ముందు ఉంటాడు. ఆ తెలియని మనిషి మీకు ఏమవుతాడు? నేను ఈ రోజు చెప్పదలచుకున్నది దీనికి జవాబే.

ముందు ఆ పని ఎట్లా జరుగుతుందో చెబుతాను. పిల్లలుగా మీరు లోపలి నుంచి చూసింది వేరు, అటు నుంచి చూస్తే కనిపించేది వేరు.

ప్రశ్నపత్రాలు రోజుల ముందే వచ్చి పోలీస్ స్టేషన్‌లో ఉంటాయి. పరీక్ష రోజు ఉదయం ఆ రోజు పేపరు మాత్రమే బయటికి తీస్తారు. సెంటరుకు తెచ్చి, చీఫ్ సూపరింటెండెంటు, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు కలిసి సీలు చూసి, ఇన్విజిలేటర్ల ఎదుట కవరు విప్పుతారు. సీలు సరిగ్గా ఉందని సాక్షి సంతకాలు పడతాయి. ఏ గదికి ఎవరు పోవాలో ఆ ఉదయమే తెలుస్తుంది. గదిలోకి పోయినాక హాల్‌టికెట్ మీది ఫోటో, ఎదురుగా ఉన్న ముఖం ఒకటేనా అని చూడాలి. ఆరు నెలల కిందట తీసిన ఫోటోలో రెండు జడలతో ఉన్న పాప ఇప్పుడు ఒక జడతో వచ్చి ఉంటుంది. తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లోడు ఉంటాడు. ప్రశ్నపత్రం అందగానే దాని మీద హాల్‌టికెట్ నంబరు వేయించాలి. ఓఎంఆర్ షీటు మీద పేరు, సబ్జెక్టు సరిపోయినాయా చూడాలి. అడిషనల్ షీటు ఇచ్చిన ప్రతిసారీ లెక్క రాయాలి. చివరి బెల్లు కొట్టినాక నంబర్ల వరుసలో పేపర్లు పేర్చి, లెక్క అప్పజెప్పి, సంతకం పెట్టి బయటపడాలి. ఒక్క పేపరు తక్కువైతే ఎవరూ ఇంటికి పోరు.

మీలో పెద్దవాళ్లకు పార్ట్ ఏ, పార్ట్ బి గుర్తుండే ఉంటాయి. రెండున్నర గంటల పరీక్షలో చివరి అరగంట బిట్ పేపరు. ఆ అరగంటే ఇన్విజిలేటరుకు అసలు పరీక్ష. రెండు గంటలు నిశ్శబ్దంగా ఉన్న గది బిట్ పేపరు చేతికి రాగానే గుసగుసలతో నిండిపోయేది. ఒకటో బిట్టుకు ఏ, రెండో బిట్టుకు సీ అని వేళ్లతో సైగలు. బిట్ పేపరు జవాబు పత్రానికి కట్టడానికి దారాలు. ఆ ముడి ఊడిపోతే ఏమవుతుందోనని రెండు మూడు ముళ్లు వేసే పిల్లలు. ఇప్పుడు అదంతా లేదు. పదకొండు పేపర్లు పోయి ఏడుకు వచ్చినాయి. చాలా సబ్జెక్టులకు ఉదయం 9:30 నుంచి 12:45 వరకు ఒకే పేపరు, అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికి.

రాసిన పేపరు మీద పిల్లవాడి పేరు దిద్దే సారుకు కనిపించదు. పేరున్న భాగం వేరైపోతుంది, బార్‌కోడ్ మాత్రం మిగులుతుంది. దిద్దడం కూడా సొంత జిల్లాలో కాదు. ఇది కంప్యూటర్ కాలపు ఆలోచన అనుకుంటాం. చైనాలో చక్రవర్తుల కాలంలో ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టేవాళ్లు. పదమూడు వందల ఏళ్లు నడిచి 1905లో అవి ఆగిపోయినాయి. అక్కడ అభ్యర్థి చేతిరాత గుర్తుపట్టి మార్కులు వేస్తారేమోనని, రాసిన జవాబులన్నీ గుమాస్తాల చేత తిరగరాయించి ఆ నకళ్లను దిద్దించేవాళ్లు. అభ్యర్థులు లోపలి బట్టల మీద చిన్న అక్షరాలతో రాసుకుని వచ్చేవాళ్లు కూడా. మన కాలంలో మైక్రో జిరాక్స్ వచ్చింది. మనిషిలో కొత్త ఏమీ లేదు, కాపీ కొట్టేవాడి తెలివీ పాతదే, దాన్ని ఆపాలన్న తపనా పాతదే.

ఇక మన దగ్గరికి వద్దాం. మనలో మనం ఉన్నాం కాబట్టి ఉన్నది ఉన్నట్టు మాట్లాడుకుందాం. ఒకప్పుడు పదో తరగతి పరీక్షలంటే సెంటరు చుట్టూ తిరనాళ్లు. గోడల మీద మనుషులు, చెట్ల మీద మనుషులు, కిటికీల దగ్గర మనుషులు. లోపలి నుంచి ప్రశ్న బయటికి, బయటి నుంచి జవాబు లోపలికి. గైడులోంచి చించిన కాగితాలు రాళ్లకు చుట్టి విసిరేవాళ్లు. పరీక్ష అయిపోయినాక ఆవరణలో చిట్టీలు ఊడ్చి పోగులు పెట్టేవాళ్లం. ఇది ఒక ఊరి సంగతి కాదు, ఒక జిల్లా సంగతి కాదు. రాష్ట్రమంతా ఉండేది కాబట్టే 1997లో పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధానికి ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆ సంవత్సరం 25వ చట్టం అది. 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలు, 5 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా. ఇప్పటికీ పరీక్షల రోజుల్లో ప్రతి సెంటరులో చెప్పేది ఆ చట్టం పేరే. సెంటర్ల చుట్టూ 144 సెక్షన్, ఆ పూటకు జిరాక్స్ షాపుల మూత కూడా మనందరం చూసినవే.

చట్టం వచ్చింది, స్క్వాడ్లు వచ్చినాయి, సిట్టింగ్ స్క్వాడ్లు వచ్చినాయి. చట్టం తలుపు దగ్గరి వరకే వస్తుంది. తలుపు లోపల ఉండేది ఇన్విజిలేటరూ పిల్లలే. అక్కడ చట్టం కంటే పెద్ద చిక్కు ఒకటి ఉంటుంది. దాని పేరు జాలి.

పరీక్ష రోజు ఉదయం గేటు దగ్గర తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. ఒకామె దగ్గరికి వస్తుంది. "సార్, మా పిల్లోడు రోంత మతిమరుపోడు. రోంత చూసుకోండి సార్. మీకు పుణ్యముంటాది" అంటుంది. ఆమె లంచం ఇవ్వడం లేదు, బెదిరించడం లేదు. చీనీ తోటలో కూలికి పోయే మనిషి ఒక పూట కూలి వదులుకుని వచ్చింది. "చూసుకోండి" అన్న మాటకు అర్థం ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు. ఏమని చెబుతాం?

మా ఉపాధ్యాయుల గదుల్లో కూడా ఈ మాట మీద వాదనలు నడిచేవి. ఒక మిత్రుడు అనేవాడు: "ఆ బడిలో రెండేళ్లుగా ఇంగ్లీషు సారు లేడు. చెప్పేవాడు లేని పిల్లలను గదిలో కూర్చోబెట్టి తల తిప్పొద్దు అనడం ఏం న్యాయమప్పా? కార్పొరేట్ బడిలో పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా రుద్దిన పిల్లలతో వీళ్లకు పోటీనా?" అతని మాట తీసిపారేసేది కాదు. ఖాళీ పోస్టులు నిజం. సారు లేని సబ్జెక్టు నిజం. తడికె గదిలో చదువుకున్న పిల్లవాడు, ఏసీ గదిలో చదువుకున్న పిల్లవాడు ఒకే ప్రశ్నపత్రం రాయడం నిజం.

అయితే గోడ దగ్గర ఎవరు నిలబడ్డారో చూడండి. కాపీ ఎవరికి అందేది? బయట అన్న ఉన్నవాడికి, బావ ఉన్నవాడికి, గైడు కొనగలిగిన వాడికి, జవాబు రాసిచ్చే ట్యూషన్ సారు ఉన్నవాడికి, గేటు దగ్గర మాట చెల్లే నాయన ఉన్నవాడికి. ఆ గదిలోనే మూడో బెంచీలో ఒక పిల్ల ఉంటుంది. ఆమె నాయన గొర్రెల వెంట పోయినాడు. అమ్మ శనక్కాయ కొట్టడానికి పోయింది. గోడ అవతల ఆమెకు ఎవరూ లేరు. కిటికీలోంచి కాగితం ఆమె పేరు మీద ఎప్పుడూ రాదు. పేదవాళ్ల మీద జాలితో ఇన్విజిలేటరు కళ్లు మూసుకుంటే, ఆ గదిలోకెల్లా పేద పిల్లే నష్టపోతుంది. నేను ఎన్ని సెంటర్లలో పని చేసినా ఈ లెక్క తప్పలేదు. అందుకే ఆ మిత్రుడితో అనేవాణ్ని: "మనం ఆ పిల్లలకు బాకీ ఉన్నాం, నిజమే. ఆ బాకీ జూన్ నుంచి మార్చి దాకా బడిలో తీర్చాలి. మార్చిలో పక్క పిల్ల సొమ్ము తీసి తీర్చకూడదు."

పక్క పిల్ల సొమ్ము అని ఎందుకన్నానంటే, మన వేంపల్లెలో ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ వివరించక్కరలేదు. మన మండలంలోనే ఇడుపులపాయ ఉంది. 2008లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు చోట్ల మొదలైంది, అందులో ఒకటి ఇక్కడే. పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు చదివి ఇంజనీర్లుగా బయటికి వస్తారు. ఆ సీటు దేని మీద ఇస్తారు? పదో తరగతి మార్కుల మీద. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద కొంత కలుపుతారు. జీపీఏ ఉన్న రోజుల్లో 0.4, తర్వాత మార్కుల్లో 4 శాతం. అంటే ఆ సీటు మూడో బెంచీ పిల్ల లాంటి వాళ్ల కోసమే పెట్టింది. మార్కులు సమానమైతే లెక్కల మార్కులు చూస్తారు. ఒక మార్కు దగ్గర వందల మంది ఆగిపోయి ఉంటారు.

ఇప్పుడు ఆలోచించండి. ఏదో ఒక సెంటరులో, ఏదో ఒక గదిలో, ఒక సారు జాలిపడి ఒక పిల్లవాడికి రెండు బిట్లు చెప్పినాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పినాడు. ఆ రెండు మార్కులతో ఆ పిల్లవాడు జాబితాలో పైకి పోతాడు. అక్కడ ఉన్న ఇంకొకరు కిందికి జారుతారు. ఆ జారిన పిల్ల ఆయన గదిలో లేదు, ఆయన జిల్లాలోనే ఉండకపోవచ్చు. ఆమె ముఖం ఆయన ఎన్నడూ చూడడు. జాలికి ఉన్న లోపం అదే. అది ఎదురుగా కనిపించిన వాళ్ల మీదే పుడుతుంది. పరీక్ష గదిలో ఇన్విజిలేటరు కనిపించని పిల్లల గురించి కూడా ఆలోచించాలి.

ఈ మార్కుల విలువ ఎంతో కోవిడ్ ఏళ్లలో తెలిసింది. 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. మొదట పిల్లలు సంతోషపడినారు. తర్వాత ట్రిపుల్ ఐటీ సీట్లు ఇవ్వడానికి ఆధారం లేకపోయింది. ఆ రెండేళ్లూ విడిగా ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. పరీక్ష వద్దనుకున్నా ఇంకో పరీక్ష వచ్చి నిలబడింది. 2022లో మళ్లీ పరీక్షలు పెట్టినప్పుడు ప్రశ్నపత్రం ఫోటోలు వాట్సాప్‌లో తిరిగినాయి. కేసులు పడినాయి, ఉపాధ్యాయులు అరెస్టయ్యారు. ఆ సంవత్సరం పాసైనవాళ్లు 67.26 శాతం. రెండేళ్లు బడి సరిగ్గా నడవని పిల్లలు వాళ్లు. ఫోన్‌లో తిరిగిన పేపరు వాళ్లలో ఎక్కువమందికి ఏ సాయమూ చేయలేదు, చేసినట్టయితే ఫలితం అట్లా ఉండేది కాదు. చేసిందల్లా నిజాయితీగా రాసి పాసైనవాడి మార్కుల మీద కూడా అనుమానం పడేట్టు చేయడం. ఆ తర్వాతనే సెంటర్లను ఫోన్ లేని చోట్లుగా మార్చినారు. చీఫ్ సూపరింటెండెంటు కూడా ఫోన్ లోపలికి తీసుకుపోకూడదు. మంచిదే.

ఇన్విజిలేటరు ఆ పిల్లలకు ఏమవుతాడని మొదట్లో అడిగినాను. నా జవాబు, ఆయన సాక్షి అవుతాడు. అది నాకు అర్థమైన ఒక రోజు సంగతి చెబుతాను. 1990ల చివరి మాట. ఏ సెంటరో చెప్పను, అవసరం లేదు.

సోషల్ పరీక్ష. కింది గది, కిటికీకి తలుపు లేదు. నేను గది ఆ చివర ఒక పిల్లవాడికి అడిషనల్ షీటు ఇచ్చి లెక్క రాసుకుంటున్నాను. కిటికీలోంచి ఉండ చుట్టిన కాగితం ఒకటి లోపలికి వచ్చింది. ఎవరికోసం విసిరినారో, గురి తప్పి రెండో వరుసలో ఒక పాప బెంచీ కింద పడింది. నేను అటు నడుస్తున్నాను, అప్పుడే ఫ్లైయింగ్ స్క్వాడ్ లోపలికి వచ్చింది. ఆ అధికారి చూపు సూటిగా ఆ కాగితం మీద పడింది. తీసి విప్పినాడు. అన్నీ జవాబులే. "లెయ్యమ్మా" అన్నాడు.

ఆ పాప లేచింది. నోట మాట రాలేదు. పెన్ను క్యాప్ కోసం బెంచీ మీద వెతుకుతోంది, క్యాప్ పెన్ను వెనకాలే ఉంది. ఒక్క సంతకం పడితే ఆమె డిబార్. ఆ వయసులో ఆడపిల్ల డిబారయి ఇంటికి పోతే మళ్లీ బడి మొఖం చూస్తుందా? ఆ కాలంలో మన పల్లెల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. మే నెలలోనే పెళ్లి.

నేను అన్నాను: "సార్, ఆ కాగితం కిటికీలోంచి ఇప్పుడే వచ్చి పడింది. నేను చూసినాను. ఆ పాప కిందికి వంగలేదు, దాన్ని ముట్టుకోలేదు."

ఆయన నన్ను చూసినాడు. "రాసిస్తారా?" అన్నాడు.

"రాసిస్తాను సార్" అన్నాను.

కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసినాను. ఆయన అది చదివినాడు. పాప పేపరు తీసుకుని, చిట్టీలో ఉన్నదాన్ని పక్కన పెట్టి చూసినాడు. చిట్టీలోని జవాబు ఒక్కటీ ఆమె పేపరులో లేదు. "కూర్చో తల్లీ, రాసుకో" అని పేపరు తిరిగి ఇచ్చినాడు. ఆ అధికారి మీద నాకు గౌరవమే. ఆయన తన పని ఆయన చేసినాడు, నిజం తెలిసినాక ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. ఆ పాప రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చుంది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. ఆమె పేరు నాకు తెలియదు. నా పేరు ఆమెకు తెలియదు.

ఈ సంగతి నా గొప్ప కోసం చెప్పడం లేదు. నేను చేసింది చూడడం, చూసింది రాయడం. అంతే నా పని. అయితే ఆ రోజు నేను పేపరు చదువుకుంటూ కూర్చుని ఉంటే ఆ నాలుగు వాక్యాలు రాయడానికి వీలుండేది కాదు. అంతకు ముందు గంటలో నేను ఇంకెవరి చిట్టీనో చూసీ చూడనట్టు వదిలి ఉంటే, నా సంతకానికి ఆ అధికారి విలువ ఇచ్చేవాడు కాదు, ఇవ్వాల్సిన పని కూడా లేదు. గట్టిగా చూసే కన్ను పిల్లలకు శత్రువు అనుకుంటాం. తప్పు చేయని పిల్ల మీద తప్పు పడినప్పుడు ఆమెకు దిక్కు ఆ కన్నే.

అట్లాగని పరీక్ష గదిలో దయకు చోటు లేదా? చాలా ఉంది. నియమం లోపలే ఉంది. ఇక్కడున్న యువ ఉపాధ్యాయులు ఈ మార్చిలో డ్యూటీకి పోతారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. గదిలోకి పోగానే నవ్వు ముఖంతో పోండి. పిల్లలు ఆ రోజు మొదట చూసే కొత్త ముఖం మీదే. నీళ్లు అడిగినవాడికి విసుక్కోకుండా నీళ్లు ఇప్పించండి. మార్చి మూడో వారానికే మన దగ్గర ఎండ ఎట్లుంటుందో చెప్పక్కరలేదు. గదిలో గడియారం లేకపోతే అరగంటకోసారి టైము చెప్పండి. హాల్‌టికెట్ నంబరు రెండుసార్లు చూడండి. ఒక అంకె తప్పు పడితే ఆ పిల్లవాడు జూన్‌లో ఆఫీసుల చుట్టూ తిరగాలి. చేయి వణుకుతున్న పిల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి, "నిదానంగా రాయమ్మా, ఇంకా చాలా టైముంది" అని చెప్పండి. ఆ మాటకు మార్కులు రావు, భయం పోతుంది. భయం పోతే వచ్చినవి గుర్తొస్తాయి. చూపు లేని పిల్లవాడు చెబుతుంటే కింది తరగతి పిల్లవాడు స్క్రైబుగా రాస్తుంటాడు. వాళ్లిద్దరికీ అదనపు సమయం పూర్తిగా ఇవ్వండి. అందరూ పోయినారు కదా అని తొందరపెట్టకండి. అది దయ కాదు, వాళ్ల హక్కు. ఇన్ని చేయొచ్చు. జవాబు చెప్పడం ఒక్కటే చేయకూడదు.

పిల్లవాడు తల తిప్పినప్పుడు మొదటిసారే అరవాల్సిన పని లేదు. దగ్గరికి పోయి పక్కన నిలబడితే చాలు. నేను నూటికి తొంభై సార్లు మాట లేకుండానే పని జరుపుకున్నాను. "అబ్బీ, నీ పేపరు నువ్వు చూసుకో" అన్న ఒక్క మాట మిగతా వాటికి సరిపోయేది. పిల్లలు దొంగలు కారు. దొంగతనం సులువుగా ఉన్నచోట చేయి చాపుతారు, కష్టమైన చోట ముడుచుకుంటారు. దాన్ని కష్టం చేయడం పెద్దవాళ్ల బాధ్యత.

ఇక పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో కొందరు బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నారు. కువైట్‌లో, అమెరికాలో ఉన్నారు. ఊళ్లో వ్యాపారం, వ్యవసాయం చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. పరీక్షల రోజుల్లో మీకు ఫోన్లు వస్తాయి. "ఆ సెంటరులో మనవాళ్లు ఎవరన్నా ఉన్నారా? ఒక మాట చెప్పు" అని. వచ్చే ఏడాది నుంచి ఆ ఫోనుకు "చెప్పను" అనండి. అట్లా అడిగినవాళ్లను కోప్పడక్కరలేదు. "డిసెంబరులో అడిగి ఉంటే ట్యూషను పెట్టించేవాణ్ని" అని చెప్పండి. చెప్పి, వచ్చే డిసెంబరులో నిజంగా పెట్టించండి.

చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. సారు లేని సబ్జెక్టుకు మూడు నెలలు ఒకరిని పెట్టి జీతం ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. సాయంత్రం బళ్లో చదువుకునే పిల్లలకు లైట్లు, ఇంత ఉగ్గాని, నాలుగు శనక్కాయలు. కింద కూర్చుని రాసే అవసరం లేకుండా బెంచీలు. ప్రతి గదికి ఒక గడియారం. తలుపు లేని కిటికీకి ఒక తలుపు. చక్రాయపేట వైపు నుంచి, వేముల వైపు నుంచి వచ్చే పిల్లలకు హాల్‌టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సులో టికెట్ లేదని చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఆ సంగతి ముందు రోజే పల్లెల్లో చెప్పించండి. నాలుగు రోడ్ల దగ్గర ఉదయం ఎనిమిదికి మనవాళ్లు ఇద్దరు నిలబడి, దారి తెలియని పిల్లలకు ఏ సెంటరు ఎటు పోవాలో చూపించండి. తప్పిన పిల్లలు ఉంటారు. వాళ్ల ఇంటికి పోయి, ఏడాది వృథా కాదు, వెంటనే సప్లిమెంటరీ ఉందని చెప్పి ఫీజు కట్టించండి. ఫలితాల రోజు పాసైనవాడి ఇంటికి స్వీట్లతో పోయేవాళ్లు చాలామంది. తప్పినవాడి ఇంటికి పోయే మనిషి ఆ రోజు ఎక్కువ అవసరం.

గేటు దగ్గర "రోంత చూసుకోండి సార్" అన్న తల్లి సంగతి చెప్పినాను. ఆమెకు ఏమని జవాబు చెప్పాలో చాలాకాలం వెతుక్కున్నాను. తర్వాత తర్వాత ఒకటే చెప్పేవాణ్ని: "అమ్మా, నీ బిడ్డ రాసింది ఇంకొకరు ఎత్తుకుపోకుండా చూసుకుంటాను." కొందరు తల్లులకు ఆ మాట నచ్చేది కాదు. ఇంకొందరు తల ఊపి, "అంతే చాలు సామీ" అనేవాళ్లు. వాళ్ల పిల్లలు చదివిన పిల్లలని నాకు వెంటనే తెలిసిపోయేది.

యాభై ఏళ్లుగా ఈ సంఘం గురువులకు శాలువాలు కప్పుతోంది. అందరం సంతోషించాల్సిన ఆనవాయితీ అది. ఏ బడి నుంచో వచ్చి, ఎండలో మూడు గంటలు నిలబడి, మీ పేపరు మీద ఒక మూల సంతకం పెట్టి, పేరు చెప్పకుండా వెళ్లిపోయిన సార్లకు, మేడమ్‌లకు శాలువా కప్పడం కుదరదు. వాళ్లెవరో మీకు తెలియదు. మీ టెన్త్ సర్టిఫికెట్ చూసినప్పుడు అందులో ఉన్న మార్కులు మీవేనని ధైర్యంగా చెప్పుకోగలుగుతున్నారంటే, ఆ ధైర్యంలో వాళ్ల సంతకం కూడా ఉందని గుర్తుంచుకోండి. వచ్చే మార్చిలో వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి. నేను అడిగేది అదే.